గులాబీ రంగు సీసా

మనవరాలి వీపు నిండా చెమటకాయలు లేచాయి. మొన్న మధ్యాహ్నం నిద్రలో గోక్కుని గోక్కుని, ఏడుస్తూ లేచింది. మా అమ్మాయి మందుల షాపుకెళ్ళి కాలమైన్ లోషన్ తెచ్చి మూత తీసింది. ఆ వాసన గదిలోకి వచ్చీ రాగానే చేతిలో మడతపెడుతున్న తువ్వాలు అలాగే ఉండిపోయింది నాకు.

ఆ వాసనని ఎలా చెప్పను? ముందు సుద్దముక్క వాసన, దాని వెనకాలే సన్నగా ఆస్పత్రి వాసన. ఆ రెండోది ఫినాల్‌ది, క్రిముల్ని చంపే మందు. పాత పద్ధతి తయారీలో రవ్వంత కలుపుతారు. గులాబీ రంగు మాత్రం తుప్పు రంగే. తెల్లటి జింక్ ఆక్సైడ్‌లో కాస్త ఐరన్ ఆక్సైడ్ పడితే ఆ రంగొస్తుంది. ఈ మాట చెబితే "తుప్పా అమ్మమ్మా!" అని మనవరాలు ఏడుపు ఆపేసింది.

మా అమ్మాయి సీసాని అలాగే వంచబోతోంటే "ఆగవే, కుదుపు" అన్నాను. అనేలోపే సీసా నా చేతిలో ఉంది. బొటనవేలు మూత మీదికి పోయింది, మణికట్టు దానంతటదే ఆడుతోంది. పొడంతా అడుగున పేరుకుంటుంది, కుదపకపోతే పైనున్న నీళ్ళు పూసుకోవడమే. నేను ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయింది. చెయ్యి మాత్రం ఇంకా మానలేదు.

"రుద్దకు, అద్దు. ఆరాక బట్ట వెయ్యి."

మాటలు నా నోట్లోంచే వచ్చాయి. గొంతు మాత్రం పెద్ద సిస్టర్‌ది.

*

ఆవిడకి పేరుంది, కానీ వార్డులో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. డాక్టర్లు "సిస్టర్" అనేవారు, మేము "పెద్ద సిస్టర్" అనేవాళ్ళం. ఆవిడ మమ్మల్నందరినీ "పిల్లా" అనేది. ముప్ఫై ఏళ్ళు దాటి, ఇద్దరు బిడ్డల తల్లినయ్యాక కూడా నేను పిల్లనే.

నర్సింగ్ చదువులో మొదటిసారి వార్డు డ్యూటీ పడిన రోజు. ఇంజెక్షన్ చేయిస్తారని, బీపీ చూడమంటారని గుండె దడదడలాడుతూ వెళ్ళాను. ఆవిడ ఒక స్టీలు బేసిన్, రెండు తువ్వాళ్ళు, ఒక సబ్బు నా చేతిలో పెట్టి, మంచం దిగలేని ఒక ముసలాయన్ని చూపించి "ఒళ్ళు తుడిచిరా" అంది. ఇంతేనా అనుకున్నాను. పది నిమిషాల్లో ముగించేశాను. ఆవిడ వచ్చి, ఆయన చెవి వెనక వేలు పెట్టి చూసింది. చంక ఎత్తి చూసింది. కాలివేళ్ళ సందుల్లో చూసింది. "మళ్ళీ" అంది.

రెండోసారి ఆవిడ పక్కనే నిలబడి చేయించింది. ముందు మొహం, అదీ ఉత్త నీళ్ళతో. కన్ను తుడిస్తే ముక్కు వైపు నుంచి బయటికి, ఒక కంటికి తుడిచిన అంచు రెండో కంటికి పనికిరాదు. తుడుస్తున్న చోటు తప్ప మిగతా ఒళ్ళంతా కప్పి ఉండాలి. నీళ్ళు చల్లారితే మార్చాలి. ఆఖరున తువ్వాలుతో రుద్దకూడదు, అద్దాలి. మడతలున్న చోటల్లా ఆగాలి: చెవుల వెనక, చంకలు, గజ్జలు, వేళ్ళ సందులు, ఆడవాళ్ళకైతే రొమ్ముల కింద. "ఒళ్ళంటే అద్దంలో కనపడేది అనుకుంటారు పిల్లా. అద్దంలో కనపడని చోట్లే అసలు ఒళ్ళు. అక్కడ తడి ఉంచావంటే తామరని పిలిచి కూర్చోబెట్టినట్టే."

ఆ ముసలాయన అంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను. చివర్లో "ఇంకోసారి చెయ్యమంటుందేమో అడుగమ్మా" అన్నాడు.

*

ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు, మా రాత్రి డ్యూటీల్లో సగం కుట్టుపనిలా ఉండేది. గాజుగుడ్డ కత్తిరించి మడతలు పెట్టడం, దూది ఉండలు చుట్టడం, వాటిని డ్రమ్ముల్లో సర్ది క్రిములు చావడానికి ఆవిరికి పంపడం. ఇప్పుడన్నీ చించి వాడే ప్యాకెట్లు. ఆ వార్డులో ట్రాలీకి ఒక చక్రం ఎప్పుడూ కీచుమనేది. ఎంత నూనె వేసినా రెండు రోజులే. ఆ కీచు వింటే రోగులకి తెలిసిపోయేది, తిప్పే వేళయిందని.

తిప్పడమంటే, కదల్లేని వాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. మంచం కాళ్ళ దగ్గర ఒక కాగితం వేలాడేది. కుడి, వెల్లకిలా, ఎడమ, పక్కనే టైము, సంతకం. ఎముకకీ పరుపుకీ మధ్య నలిగే చోట రక్తం ఆడదు, ఆడకపోతే గంటల్లోనే చర్మం చచ్చిపోవడం మొదలవుతుంది. పైకి చిన్న ఎర్ర మచ్చ, లోపల గుంట. ఒకసారి పుండు పడితే మానడానికి నెలలు. తిప్పాక పెద్ద సిస్టర్ ఒక పని చేసేది. అరచెయ్యి దుప్పటి మీద పెట్టి, రోగి వీపు కిందుగా ఈ చివర నుంచి ఆ చివరికి లాక్కుపోయేది. మడత తగిలితే సాగదీసేది, రొట్టె పలుకు తగిలితే దులిపేది. "దుప్పట్లో మడత నీకు మడత, ఆయనకి రాయి."

ఇక సాయంత్రం వీపు రుద్దే పని. వార్డంతా ఎదురుచూసే పని అది. అరచేతిలో స్పిరిట్ పోసుకుని, పిరుదుల పైన, భుజం రెక్కల దగ్గర, మడమల మీద, ఎర్రబడిన చోట మరీ ఎక్కువగా, గుండ్రంగా రుద్ది పైన పౌడరు చల్లేవాళ్ళం. స్పిరిట్ చల్లదనానికి రోగులు "అబ్బా" అనేవారు. స్పిరిట్, పౌడరు కలిసిన ఆ వాసనే నా లెక్కలో సాయంత్రం. పెద్ద సిస్టర్ చెయ్యి దానికి పెట్టింది పేరు. వేరే వార్డు రోగులు కూడా "ఆవిడని ఒకసారి పంపరూ" అని అడిగేవారు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక శిక్షణ తరగతి పెట్టారు. బయటి నుంచి వచ్చిన ఒక టీచరు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. ఎర్రబడ్డ చోటంటే కింద సన్నటి రక్తనాళాలు అప్పటికే నలిగి ఉన్నాయని అర్థం. దాన్ని రుద్దితే అవి చిట్లుతాయి, పుండు త్వరగా పడుతుంది. స్పిరిట్ చర్మాన్ని ఎండబెడుతుంది. గాలి నింపి పిరుదుల కింద పెట్టే ఆ రబ్బరు రింగు కూడా వద్దు, అంచు ఒత్తిడికి నడిమధ్యకి రక్తం అందదు. అన్నీ మేము రోజూ చేసేవే. అన్నీ ప్రేమగా చేసేవే.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. పెద్ద సిస్టర్ ఒక్కటే అడిగింది: "ఈ సంగతి తెలిసి ఎన్నాళ్ళయింది?" కొన్నేళ్ళయిందండి అంది టీచరు. ఆవిడ తలూపింది. వార్డుకొచ్చాక స్పిరిట్ సీసాలన్నీ తీసి ఇంజెక్షన్ ట్రే దగ్గర పెట్టింది. మూల మంచం దగ్గర కాసేపు నిలబడింది. ఆ మంచం ఖాళీగా ఉంది. అంతకుముందు నెల దాని మీద ఎవరున్నారో ఇద్దరికీ తెలుసు. "రోజూ నేనే రుద్దానే" అంది. నాతో అన్నట్టు లేదు.

మర్నాటి నుంచి కొత్త పాఠం మాకు చెప్పింది ఆవిడే. ఎర్ర మచ్చ మీద వేలు పెట్టి నొక్కు. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్టు. నొక్కినా ఎరుపు కదలకపోతే ఆ చోటు మీద బరువు పడనివ్వకు. నల్లటి ఒంటి మీద ఎరుపు తెలీదు, కాబట్టి కంటిని నమ్మకు, తాకి చూడు. చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తబడిందా? ఇదంతా ఏ తడబాటూ లేకుండా చెప్పింది. ముప్ఫై ఏళ్ళు చేసిన పని తప్పని తేలితే, తెల్లారేసరికి సరైనది నేర్పడం మొదలుపెట్టే మనుషుల్ని నేను ఆ తర్వాత ఎక్కువమందిని చూడలేదు. నేనైతే కనీసం వారం రోజులు వాదించి ఉండేదాన్ని.

*

మా చేతుల సంగతి చెప్పాలి.

రోగికీ రోగికీ మధ్య చేతులు కడుక్కోవాలి. లెక్కేస్తే ఒక డ్యూటీలో యాభై సార్లు దాటేది. అప్పట్లో బండసబ్బు, చల్లటి నీళ్ళు, గరుకు తువ్వాలు. చర్మం పైపొర కాస్త పుల్లటిది, దాని పీహెచ్ ఐదుకి అటూ ఇటూ ఉంటుంది (ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). మామూలు సబ్బుది తొమ్మిది, పది. కడిగిన ప్రతిసారీ ఆ పులుపు పోతుంది, పొరల మధ్య ఉండే కొవ్వూ పోతుంది. చర్మం తిరిగి తేరుకునేలోపే మళ్ళీ కడుగుతాం. చలికాలం వచ్చిందంటే కణుపుల దగ్గర చీలికలు, చీలికల్లో రక్తం. ఆ చేతుల మీద స్పిరిట్ పడితే కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి.

సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు పాఠం మాకు మొదటి ఏడాదే ఉండేది. 1847లో వియన్నా ప్రసూతి ఆస్పత్రిలో, శవపరీక్ష గది నుంచి కాన్పుల గదికి వచ్చే డాక్టర్లూ విద్యార్థులూ బ్లీచింగ్ లాంటి సున్నపు నీళ్ళతో చేతులు కడగాలని ఆయన పట్టుబట్టాడు, బాలింతల చావులు ఒక్కసారిగా పడిపోయాయి. గొప్ప సంగతే. కానీ నాకెప్పుడూ ఒక అనుమానం. ఆ నీళ్ళతో రోజూ కడిగిన ఆ కుర్రాళ్ళ చేతులు ఏమై ఉంటాయి? ఆ సంగతి ఏ పాఠంలోనూ లేదు.

డ్యూటీ అయ్యాక పెద్ద సిస్టర్ అలమర పై అరలోంచి ఒక డబ్బా తీసేది. తెల్ల పారాఫిన్, అదే మామూలు వ్యాజిలిన్. "చేతులు పూర్తిగా తుడుచుకోకండి, తడి ఆరకముందే రండి" అనేది. వరసలో నిలబడేవాళ్ళం. ఒక్కొక్కరికీ శనగగింజంత. అది నీళ్ళివ్వదు, ఉన్న నీళ్ళని పోనివ్వదు, అంతే దాని పని. అందుకే తడి మీద పూయాలి. పొడి చర్మానికి పూస్తే పొడినే మూతపెట్టినట్టు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది ఎన్ని డబ్బాలు వృథా చేస్తారో.

మా చర్మం డాక్టరుగారికి కథలు చెప్పడం సరదా. ఆ డబ్బా చూసినప్పుడల్లా వ్యాజిలిన్ తయారుచేసిన చీజ్‌బ్రో కథ ఎత్తుకునేవారు. చమురు బావుల దగ్గర పనివాళ్ళు పంపు రాడ్లకి పట్టే జిడ్డుని కోతలకీ కాలిన గాయాలకీ పూసుకోవడం చూసి, ఆయన దాన్ని శుద్ధి చేసి 1872లో పేటెంటు తీసుకున్నాడట. తన చేతులే కోసుకుని, కాల్చుకుని, పూసి చూపించి అమ్మాడట. రోజూ ఒక చెంచా తినేవాణ్ణని కూడా చెప్పుకున్నాడట, తొంభై ఆరేళ్ళు బతికాడు. పెద్ద సిస్టర్ ఆ కథ ఎన్నోసారి విన్నా ఒకే మాట: "తినక్కర్లేదు డాక్టరుగారూ, పూసుకుంటే చాలు."

తర్వాత చేతులకి రాసుకునే ఆల్కహాల్ ద్రావణం వచ్చింది. స్పిరిట్ కదా, ఇంకా మండుతుందని భయపడ్డాం. తీరా చూస్తే చేతులు బాగుపడ్డాయి. అందులో కొద్దిగా గ్లిజరిన్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో 1.45 శాతం. ఆ మాత్రానికే చీలికలు మానాయి. చేతికి మురికి కనపడితే మాత్రం సబ్బూ నీళ్ళే.

*

చర్మవ్యాధుల ఓపీకి మార్చాక నేను రోజంతా విన్న చప్పుడు ఒకటుంది. కాంపౌండరు బాబాయి పలుచటి గరిటెతో గాజు పలక మీద ఆయింట్‌మెంట్ కలిపే చప్పుడు. టక్, సర్ర్, టక్, సర్ర్. పొడిని కొద్దికొద్దిగా మైనంలో తొక్కుతూ, పలుకు మిగలకుండా, వెన్నలా అయ్యేదాకా. తామరకి విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్: బెంజోయిక్ ఆమ్లం ఆరు పాళ్ళు, సాలిసిలిక్ ఆమ్లం మూడు పాళ్ళు. రోగులు ఇళ్ళ నుంచి ఖాళీ డబ్బాలు తెచ్చుకునేవారు. కొందరి డబ్బాల్లో పాత వాసనలు అలాగే ఉండేవి, బాబాయి మూత తీసి వాసన చూసి "కడిగి తీసుకురా పో" అనేవాడు. జెన్షన్ వయొలెట్ అనే రంగు మందుతో పనిచేసిన రోజున మా వేళ్ళు ఊదారంగు. ఇంటికెళ్ళి పిల్లల్ని దగ్గరికి తీసుకుంటే వాళ్ళ బుగ్గలకి అంటేది.

డాక్టరుగారు ప్రతివాళ్ళనీ అడిగే మొదటి ప్రశ్న, "ఏం రాస్తున్నారు?" ప్రతివాళ్ళూ చెప్పే జవాబు, "ఏమీ రాయట్లేదండి."

పెద్ద సిస్టర్ కూడా ఒక ఏడాది ఆ ఓపీలో ఉంది. ఆవిడ ప్రశ్న అడగదు. "సంచీ ఇలా పెట్టమ్మా, తడిసిపోతుంది" అని బల్ల మీద పెట్టించి, మాటల్లో "ఇందులో ఏమున్నాయేంటి" అనేది. ఆడవాళ్ళు నవ్వుకుంటూ ఒక్కొక్కటే తీసేవారు. రెండు క్రీములు, ఒక లోషను, ఎవరో ఇచ్చిన పేరులేని డబ్బా.

ఆ పేరులేని డబ్బా గురించే ఒక పిల్ల గుర్తొస్తుంది. పెళ్ళి కుదిరిందట. బుగ్గల మీద మంగు. ఎవరో ఇచ్చిన క్రీము పూస్తే పది రోజుల్లో మొహం తళతళలాడిందట. మూడు నెలలు పూసింది. మానేస్తే ఎర్రగా మండడం, పొక్కులు. మళ్ళీ పూస్తే తగ్గడం. మా దగ్గరికొచ్చేసరికి బుగ్గల మీద సన్నటి ఎర్రగీతలు, గడ్డం మీద నూగు, చర్మం ఉల్లిపొరలా పల్చబడి ఉంది. స్టెరాయిడ్ పని అది. డాక్టరు ఫలానా జబ్బుకి, ఫలానా చోట, ఇన్ని రోజులని రాసిస్తే అంత మంచి మందు లేదు. మొహానికి రోజువారీ క్రీముగా పూస్తే అంత మోసకారీ లేదు. కొన్ని తెలుపు క్రీముల్లో ఇంతకంటే దారుణం, పాదరసం. రంగుని ఆపేస్తుంది నిజమే, మూత్రపిండాల్ని కూడా పాడుచేస్తుంది. పాదరసాన్ని అరికట్టడానికి దేశాలు చేసుకున్న 2013 నాటి మినమాటా ఒప్పందం అలాంటి వాటి మీద కూడా వచ్చింది.

ఆ పిల్ల ఏడుస్తూ "నేను తెల్లబడ్డాను కదండీ" అంది. ఇంకా ఆ మాటే పట్టుకుని ఉంది. పెద్ద సిస్టర్ ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆ పిల్ల చెయ్యి తిరగేసి, మోచేతి లోపలి వైపు చూపించింది. "ఇదీ నీ రంగు. ఎండ తగలని చోట ఎంత ఉందో అంత. దీనికంటే తెల్లగా ఎవరైనా చేస్తానంటే నీ దగ్గర నుంచి ఏదో పట్టుకుపోతున్నట్టే." ఆ పిల్ల ఆరు నెలలు వచ్చింది. పెళ్ళి సంగతి అడగడానికి మాకెవరికీ నోరు రాలేదు. ఆఖరిసారి వచ్చినప్పుడు తనే చెప్పింది, వాయిదా వేయించానండి అని.

ఎంత పూయాలో చెప్పడం ఇంకో తిప్పలు. "కొంచెం" అంటే ఒకరికి ఆవగింజంత, ఇంకొకరికి అరడబ్బా. చివరికి వేలి లెక్క వచ్చింది. ట్యూబులోంచి చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే అరగ్రాము, అది వేళ్ళతో సహా రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. బాబాయి ఒక వేలు బొమ్మ గీసి గోడకి అంటించాడు. రోగులకి అది వేలని చాలాకాలం అర్థం కాలేదు, కొవ్వొత్తి అనుకునేవారు.

*

ఎండ గురించి నాకు బుద్ధి ఆలస్యంగా వచ్చింది. మా డాక్టరుగారు ఒకరోజు ఒక వైద్య పత్రికలో, 2012లో అనుకుంటా, వచ్చిన ఫొటో చూపించారు. ఇరవై ఎనిమిదేళ్ళు లారీ నడిపిన మనిషి. మొహంలో ఒక సగం మామూలు వయసు, కిటికీ వైపు సగం ముడతలు పడి, వేలాడి, చాలా ఏళ్ళు పెద్దదానిలా ఉంది. ఎండలో చర్మాన్ని కమిలించే కిరణాల్ని అద్దం చాలావరకు ఆపుతుంది, లోతుకి పోయి ముడతలు తెచ్చే వాటిని మాత్రం ఆపదు. నేను నా చేతులు చూసుకున్నాను. ఓపీలో నా బల్ల కిటికీ పక్కన. ఎడం ముంజేయి కుడిదానికంటే ఒక ఛాయ నలుపు, మచ్చలు కూడా దాని మీదే ఎక్కువ. నీడలో కూర్చునే ఉద్యోగమని మురిసిపోయానన్నమాట ఇన్నాళ్ళూ!

*

పాదాల రోజు వారానికి ఒకసారి. షుగరు రోగులొచ్చేవారు. బూట్లు, మేజోళ్ళు విప్పమంటే అందరికీ సిగ్గే. మొహం చూపించడానికి లేని సిగ్గు పాదం చూపించడానికి ఎందుకో.

ఒక నైలాన్ పోగు ఉండేది. దాన్ని అరికాలికి ఆనించి వంగేదాకా నొక్కితే సరిగ్గా పది గ్రాముల బరువు పడుతుంది. కళ్ళు మూసుకుని "తగిలింది" అని చెప్పాలి. చెప్పలేకపోతే ఆ చోట స్పర్శ తగ్గిపోయినట్టు. ఒకాయన నవ్వుతూ కబుర్లు చెబుతూ బూటు విప్పాడు. లోపలి నుంచి చిన్న గులకరాయి జారి నేల మీద టింగుమంది. పొద్దున్నుంచీ దాని మీదే నడుస్తున్నాడు. అరికాల్లో గుంట. ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, ఆపడం మర్చిపోయాడు.

పెద్ద సిస్టర్ కింద పీట వేసుకుని కూర్చుని ఆయన పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. గాయం కట్టాక, గోరువెచ్చటి నీళ్ళతో రెండో పాదం కడిగి, వేళ్ళ సందులు ఒక్కొక్కటే అద్దింది. మడమకి క్రీము రాసింది, వేళ్ళ సందుల్లో రాయలేదు. అక్కడ తడి చేరకూడదు కదా. గోళ్ళు అడ్డంగా సూటిగా తీసింది, మూలలు తవ్వలేదు. బూటు వేసుకునే ముందు తిరగేసి దులపమంది, లోపల చెయ్యి పెట్టి తడమమంది. అరికాలు కనపడకపోతే నేల మీద అద్దం పెట్టుకుని చూసుకోమంది. "రోజూ మొహం చూసుకుంటారు కదా బాబూ, అదే అద్దం కాస్త కింద పెట్టండి." ఆయనకి ఆవిడకంటే పదేళ్ళు ఎక్కువే ఉంటాయి. అయినా బాబే.

*

మా అమ్మ ఆఖరి ఏడాది నా దగ్గరే ఉంది.

చిన్నప్పుడు రాత్రి పడుకోబోయే ముందు అమ్మ గోడకి చేరగిలబడి, డబ్బాలోంచి క్రీము తీసి మోచేతులకి, మడమలకి రాసుకునేది. ఆఖరికి అరచేతిలో మిగిలింది నా మొహానికి పులిమేసేది. "మిగిలింది పారేస్తామా" అనేది. నాకెప్పుడూ మిగిలిందేనా అని మూతి ముడిచేదాన్ని. తీసేటప్పుడే కావాలని ఎక్కువ తీసేదేమో అని నాకు అరవై దాటాక తట్టింది.

ఇప్పుడు డబ్బా నా చేతిలో. ముసలి చర్మం వేరు. పల్చగా, కాగితంలా, కింద నీలి నరాలన్నీ కనపడుతూ. నూనెగ్రంథులు పనిచెయ్యడం తగ్గిపోతుంది, కాబట్టి వేడి వేడి నీళ్ళూ, రోజూ ఒళ్ళంతా సబ్బూ పనికిరావు. గోరువెచ్చటి నీళ్ళు, కొద్దిసేపు స్నానం, సబ్బు కావలసిన చోట్లకే, తడి ఆరకముందే క్రీము. ఇవన్నీ తెలిసిన దాన్ని. తెలిసీ ఒకరోజు రక్తపరీక్ష తర్వాత ఆమె మోచేతి మీద అంటించిన ప్లాస్టరుని, ఏదో తొందరలో, చరుక్కున లాగేశాను. ప్లాస్టరుతో పాటు చర్మం కూడా అణా బిళ్ళంత మేర లేచి వచ్చేసింది. నూనె చుక్క వేసి, చర్మాన్ని వేలితో అదిమిపట్టి, ప్లాస్టరుని తనమీదికే మడుస్తూ మెల్లగా తియ్యాలని కొన్ని వందలమందికి నేర్పాను నేను. అమ్మ కిక్కురుమనలేదు. నా మొహం చూసి "నువ్వేం నర్సువే" అని నవ్వింది. ఆ గాయం మూడు వారాలకి మానింది. దాని మచ్చని నేను రోజూ చూసేదాన్ని.

గోళ్ళు తియ్యమని మాత్రం తరచూ అడిగేది. నాలుగు రోజుల కిందటే తీశాను కదే అంటే, "పెరిగాయే" అనేది. చేతిగోరు నెలకి మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, ముసలితనంలో అదీ ఉండదు. తియ్యడానికి ఏమీ ఉండేది కాదు. నెయిల్ కట్టర్ తెచ్చుకుని, పక్కన కూర్చుని, ఒక్కో వేలూ పట్టుకుని, ఆకురాయితో అలా అలా అనేదాన్ని. పది వేళ్ళూ అయ్యేసరికి నిద్రపోయేది.

పెద్ద సిస్టర్ పోయిన కబురు కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. వెళ్ళలేకపోయాను. అమ్మని తిప్పే వేళ.

*

సాయంత్రం మనవరాల్ని చల్లటి నీళ్ళ తొట్లో కూర్చోబెట్టాం. చెమటకాయలకి అంతకుమించిన వైద్యం లేదు. చెమట గొట్టాలు మూసుకుపోయి చెమట లోపలే చిక్కుకుంటే వచ్చేవి అవి, దాని మీద చిక్కటి క్రీములు పూస్తే ఉన్న దారి కూడా మూసినట్టే. పిల్ల బయటికి రానంటుంది. వేళ్ళు చూపించి, "అమ్మమ్మా, నీ వేళ్ళయిపోయాయి నావి" అంది. కొసలు ముడతలు పడ్డాయి.

నీళ్ళు పీల్చుకుని ఉబ్బడం కాదు అది, నరాలు చేయించే పని. నరం తెగిన వేలు గంటసేపు నానబెట్టినా ముడత పడదు. 1930ల నుంచీ డాక్టర్లకి తెలిసిన సంగతే. మణికట్టు దగ్గర గాజు దిగిన ఒక కుర్రాణ్ణి మా వార్డులో అలాగే చూశారు. గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో చెయ్యి పెట్టించి అరగంట కూర్చోబెడితే, చిటికెనవేలు ముడతపడింది, బొటనవేలూ చూపుడువేలూ నున్నగా ఉన్నాయి. నెలలు గడిచాక ఒకరోజు చూపుడువేలి కొసన సన్నగా ఒక గీత పడింది. వాడు ఆ తడి వేలు పైకెత్తి పట్టుకుని వార్డంతా తిరిగి చూపించాడు. ముడత పడిందని అంత సంబరపడ్డ మనిషిని మళ్ళీ చూడలేదు. ఈ కథ మనవరాలికి చెబితే మళ్ళీ మళ్ళీ చెప్పమంది. తువ్వాలుతో అద్దాను. చెవుల వెనక, చంకల్లో, మెడ మడతల్లో. మా అమ్మాయి సీసా కుదిపింది, ఈసారి చెప్పకుండానే.

రాత్రి పిల్ల నా పక్కనే పడుకుంది. వీపు మీద గులాబీ చుక్కలు ఆరి, పొడి పొడిగా రాలుతున్నాయి. దుప్పటికంతా అదే వాసన. నాకు ఇప్పటికీ రెండు గంటలకోసారి మెలకువ వస్తుంది, అలారం అక్కర్లేదు. లేచి చూస్తే పిల్ల తనే పక్కకి తిరిగి ఉంది. అయినా చెయ్యి ఊరుకోదు కదా. అరచెయ్యి దాని వీపు కిందుగా దుప్పటి మీద పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి లాగాను. మధ్యలో ఒక మడత తగిలింది.